కత్తెరబల్ల



గ్రామములయందలి పెద్దలతో కొంతసేపు మాటలాడుమని నన్ను పిలిచినవారు, నేను ఏ కావ్యమును గూర్చియో, ఏ వ్యాకరణ విషయమును గూర్చియో చెప్పుదునని తలచియుందురు. ముప్పదినాలుగు సంవత్సరములు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడనై, సంధులును సమాసములును బోధించి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. అట్టివాడు బరువులెత్తు ఇనుపబల్ల నొకదానిని గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోపవచ్చును. ఆ యంత్రముతో నాకు కలిగిన పరిచయము ఒక శుభకార్యముతో మొదలై నా తప్పుతో ముగిసినది. కాబట్టి ఈ ప్రసంగము.

మా యూరి సహకార సంఘమునకు ఒక గిడ్డంగి కలదు. లారీ తొట్టి నేలకు నాలుగడుగుల యెత్తున నుండును. డెబ్బదియైదు కిలోల ధాన్యపు బస్తాను ఆ యెత్తునకు వీపుమీద మోసి మోసి హమాలీల నడుములు నలువది యేండ్లకే వంగిపోవుట మనమందఱము చూచుచున్నదే. ఆ శ్రమ తగ్గునని సంఘమువారు కొన్నియేండ్ల క్రిందట, పట్టణమున మూతపడిన యొక కర్మాగారమునుండి వాడిన కత్తెరబల్ల నొకదానిని కొనితెచ్చిరి. ప్రారంభోత్సవమునకు కొబ్బరికాయ కొట్టుమని నన్ను పిలిచిరి. బల్లపై బస్తాలు పేర్చి, మీట నొక్కి, మనిషి రొమ్మెత్తున నిలిపి, దానికి పసుపు కుంకుమలు పెట్టిరి. నేను కాయ కొట్టితిని. ఒక చెక్క చేయిజాఱి, దొర్లుకొనుచు పోయి బల్లక్రింద పడెను. నాయొద్ద చదువుకొన్న పదునెనిమిదేండ్ల పిల్లవాడు ప్రక్కన నిలిచియుండెను. "ఒరే నాయనా, ఆ చెక్క ఇటు తే" అంటిని. "అట్లే మాస్టారూ" అని వాడు వంగి లోపలికి దూఱెను.

సరిగా ఆ నిమిషముననే బస్తాల కావలి ప్రక్కనున్న మీటవాడు, బల్ల దిగు తీరును గూడ పెద్దలకు చూపుదమని దిగుమీట నొక్కెను. వానికి వీడు కానరాలేదు, వీనికి వాడు కానరాలేదు. బల్ల ఎక్కునపుడు మోటారు మ్రోగును. దిగునపుడు మోటారు తిరుగదు గనుక చప్పుడుండదు. అది మెల్లగా, మర్యాదగా దిగుచుండగా వాని యెడమ చీలమండ రెండు ఇనుపకాళ్ల నడుమ చిక్కెను. కేక విని మీటవాడు వ్రేలు తీసివేసెను. ఆ మీట వ్రేలున్నంతసేపే పనిచేయు రకము కాబట్టి బల్ల అచ్చటనే ఆగిపోయినది. లేనిచో ఏమి యగునో నేను చెప్పజాలను. అప్పుడు "ఎక్కించు" అని ఒకరు, "ముట్టవద్దు" అని ఒకరు అఱచుచుండగా కొంతసేపు గడచెను. తుదకు ఎక్కించి వానిని వెలికి తీసిరి. రెండు ఎముకలు విఱిగినవి. మూడు మాసములకు లేచి నడచినాడు. ఎదురుపడినప్పుడు వాడు నన్ను ఒక్క మాటయు అనలేదు. ఆ యంత్రముతీరు ఎట్టిదో తెలియకయే దానికి కొబ్బరికాయ కొట్టితినే యని నాకు సిగ్గువేసినది. తయారీదారుల పుస్తకములు తెప్పించి చదివితిని. ట్రాక్టరులు బాగుచేయు మేస్త్రీని విసుగుపుట్టునంతగా ప్రశ్నించితిని. తెలిసిన యింజనీర్లను అడిగితిని. అట్లు నేర్చుకొన్నది మీకు చెప్పుచున్నాను.

ముందు పేరు సంగతి. సంస్కృతమున కర్తరి యందురు. అదియే ప్రాకృతము మీదుగా మనకు కత్తెర యైనది. పనివారు దీనిని సిజర్ లిఫ్ట్ అందురు, కొందఱు హైడ్రాలిక్ బల్ల యందురు. ఏ పేరు పెట్టినను దాని యాకారము మీయింటనే యున్నది. పురాణము చదువుకొనుటకు గ్రంథము నుంచు వ్యాసపీఠమును తలచుకొనుడు. రెండు పలకలు నడుమ ఒకదానినొకటి దాటి నిలుచును. క్రిందిపాదములను దూరముగా జరిపినచో పీఠము పొట్టిదగును. పాదములను దగ్గఱకు తెచ్చినచో పై యంచులు మీదికి లేచును. ఇంతియే కత్తెరబల్ల. బ్యాంకులకును పోస్టాఫీసులకును వేయు మడత ఇనుప తలుపులను చూడుడు. అవియును ఈ తీరుననే చాగును, ముడుచుకొనును. చిన్నతనమున వాని నడుమ వ్రేలు పెట్టి నలిపించుకొననివారు మనలో తక్కువ.

ఈ దాటుడు కాళ్ల విద్య పాతది. క్రిస్టోఫ్ షైనర్ అను జర్మను పండితుడు 1603లో ఇట్టి కడ్డీల యమరికతోనే బొమ్మలను పెద్దవిగా గాని చిన్నవిగా గాని నకలు వ్రాయు పనిముట్టు నొకదానిని కల్పించి, 1631లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. బొమ్మలు గీయుటకు పుట్టిన యమరిక ఇప్పుడు బస్తాలనెత్తుచున్నది.

కర్మాగారపు బల్లలో కాళ్లు ఉక్కువి. జతకు రెండేసి చొప్పున ఇరుప్రక్కల నుండును, నడుమ లావాటి చీల యుండును. ఒక కాలి క్రిందికొన అడుగు చట్రమునకు చీలతో బిగింపబడి కదలకుండును. దాని పైకొన చక్రముపై బల్లక్రింద జరుగును. రెండవకాలి క్రిందికొన చక్రముపై జరుగును. దాని పైకొన బల్లకు చీలతో బిగింపబడియుండును. బిగించిన కొనలు రెండును ఒకదానిపై నొకటి నిలువుగా నుండుటచేత, బల్ల ప్రక్కకు పోక నిట్టనిలువుగా లేచును. మఱింత యెత్తు కావలసినచోట ఒక కత్తెరపై మఱియొక కత్తెరను నిలుపుదురు. ఎత్తు రెట్టించును, ఊగుటయు హెచ్చును.

కాళ్లను దగ్గఱకు తెచ్చు బలమెక్కడిది? నూనెది. ఫ్రాన్సుదేశపు బ్లేస్ పాస్కల్ మూసియున్న ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ యొత్తిడి అన్ని వైపులకును సమముగా ప్రాకునని వివరించెను. ఆయన మరణించిన మఱుసటియేడు 1663లో ఆ రచన అచ్చుపడినది. ఒక చదరపు సెంటీమీటరు వెడల్పుగల సన్నని గొట్టములో పది కిలోల బలముతో నొక్కి, దానిని ఏబది చదరపు సెంటీమీటర్ల లావు గొట్టమునకు కలిపినచో, లావు గొట్టములోని ముషలము ఏనూఱు కిలోలను ఎత్తును. కాని సన్నని దానిని ఏబది సెంటీమీటర్లు నొక్కినగాని లావుది ఒక్క సెంటీమీటరు కదలదు. ఈ ధర్మకాటాలో మోసము లేదు. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో ఈ సూత్రముతో ఒత్తుడుయంత్రమునకు హక్కుపత్రము పొందెను. మీ ట్రాక్టరు వెనుక నాగలి నెత్తునదియు, ట్రక్కును వంచి మట్టి దింపునదియు ఈ విద్యయే.

పది సెంటీమీటర్ల వ్యాసము గల సిలిండరు అడుగు వైశాల్యము 78.5 చదరపు సెంటీమీటర్లు. అందలి నూనెకు చదరపు సెంటీమీటరునకు 150 కిలోల యొత్తిడి యున్నచో, ఆ సిలిండరు నెట్టుబలము సుమారు 11,775 కిలోలు. చేతిపట్టున ఇమిడిపోవు గొట్టమునకు పన్నెండు టన్నుల బలమన్నమాట! ఇంత యెందుకు, ఎత్తవలసినది ఒక టన్నే కదా యని నేను మేస్త్రీని అడిగితిని. ఆయన నవ్వి ఊరకుండెను. లెక్క వేసికొన్న తరువాత నాకు తెలిసినది.

ఇచ్చట మీరు కొంచెము ఓపికతో వినవలెను. పాదములను అడ్డముగా దగ్గఱకు లాగుటచేత బల్ల నిలువుగా లేవవలెను. వ్యాసపీఠము పూర్తిగా పఱచుకొని నేలకంటియున్నప్పుడు పాదములను లాగిచూడుడు, లేవనని మొండికేయును. సగము లేచిన తరువాత సులభముగా లేచును. కాళ్ల బరువును రాపిడిని విడిచి లెక్కించినచో, 1000 కిలోల భారము పైనుండగా, కాళ్లు నేలతో 10 డిగ్రీల కోణమున నున్నప్పుడు వానిని అడ్డముగా లాగుటకు సుమారు 5670 కిలోల బలము కావలెను. 45 డిగ్రీలకు వచ్చునప్పటికి సరిగా 1000 కిలోలు చాలును. 60 డిగ్రీలకడ 577 కిలోలే చాలును. కాలి పొడవు మీటరున్నర యనుకొన్నచో, మొదటి స్థితిలో ఎత్తు 26 సెంటీమీటర్లు, తుది స్థితిలో 130 సెంటీమీటర్లు. తయారుచేయువారు సిలిండరును అడ్డముగా గాక ఏటవాలుగా నమర్చి ఈ కష్టమును కొంత తగ్గింతురు గాని, దాని స్వభావము మాఱదు.

దీనివలన తెలియవలసినది యేమనగా, బల్ల బాగుగా క్రిందికి దిగియున్నప్పుడే దాని చీలలకును, గొట్టములకును, నూనెకును అత్యంత శ్రమ. బస్తాలను విసరివేయుట మన హమాలీలకు అలవాటు. క్రిందికి దిగిన బల్లపై బస్తా విసరిన ప్రతిసారి ఆ దెబ్బ ఎన్నోరెట్లు పెరిగి లోపలి చీలలకు తగులును. చీల ఒకనాడు చెప్పక విఱుగును. బస్తాను దింపవలెను గాని విసరరాదు. ఈ మాట మా గిడ్డంగిలో ఎన్నిసార్లు చెప్పితినో! మొదట నన్ను చూచి నవ్విరి.

భారము సంగతి. బల్లప్రక్కన ఒక రేకుపలక తాపి యుండును. దానిపై ఎంత బరువునకు తగినదో చెక్కియుండును. వాడిన యంత్రములలో ఆ పలక రంగుల క్రింద మాసిపోవుటయో, ఊడిపోవుటయో సామాన్యము. పలకలేని బల్లను ఎంత చౌకగా ఇచ్చినను కొనవలదు. మా పలకపై 1000 కిలోలని యున్నది. డెబ్బదియైదు కిలోల బస్తాలు పదుమూడు వేసినచో 975 కిలోలు. పదునాలుగవది వేసితిరా, 1050. "ఒక్క బస్తాకేమి మాస్టారూ" అందురు. ఒక్క బస్తాకు వెంటనే ఏమియు కాకపోవచ్చును. అయితే రేపు పదునైదవదానికి అదే మాట చెప్పుదురు. మఱియొకటి: ఆ అంకె బల్లనిండ సమముగా సర్దిన బరువునకు మాత్రమే. ఒక మూలనో, ఒక అంచుననో కుప్పపోసినచో బల్ల భరించునది అంతకు చాల తక్కువ. ఆ తక్కువ యెంతయో తయారీదారుడు వేఱుగా వ్రాసియుండును. బరువైన మోటారో, నూనెపీపాయో ఎత్తునప్పుడు దానిని సరిగా నడుమ నిలుపవలెను. గుండ్రని వస్తువులకు ఇరుప్రక్కల చీలికకఱ్ఱలు పెట్టవలెను.

మితికి మించిన బరువు వేసినప్పుడు నూనె మఱియొకదారిని తప్పించుకొని తొట్టిలోనికి పోవుటకు ఒక కవాటముండును. దానిని రిలీఫ్ వాల్వు అందురు. బల్ల లేవక మోటారు కీచుమని అఱచుచున్నదన్న, ఆ కవాటము తన ధర్మమును నెరవేర్చుచున్నదని యర్థము. అప్పుడు బరువు దింపవలెను. మన మేస్త్రీలలో కొందఱు దాని మరను బిగించి "ఇప్పుడు చూడుడు" అందురు. అట్టివానిని గిడ్డంగి గడప తొక్కనీయకుడు.

మఱి దిగుట. ఎక్కించునది నూనె, దింపునది బరువే. దిగుమీట నొక్కినచో ఒక సన్నని దారి తెఱచుకొని, నూనె మెల్లగా తొట్టికి తిరిగిపోవును, బల్ల తన బరువుచేత దిగును. మోటారుతో దీనికి పనిలేదు. ఈ ఒక్క సంగతి తెలియకపోవుటచేతనే మనుష్యులు దెబ్బతినుచున్నారని నా యభిప్రాయము. "కరెంటు పోయినది గదా, ఇప్పుడు బల్ల ఏమి చేయును" అని క్రిందికి దూఱుదురు. కరెంటు లేకున్నను చేతితో త్రిప్పి దింపు మర చాల బల్లలకు ఉండును. ఎవడైన త్రిప్పవచ్చును. రబ్బరు గొట్టము పగులవచ్చును, సీలు అరిగి నూనె కాఱవచ్చును. బల్ల నిలిచియున్నదన్న, దానిని నిలిపినది నేల గాదు, మూసిన గొట్టములోని నూనె.

గొట్టము పగిలినప్పుడు బల్ల ఒక్కుమ్మడి కూలకుండుటకు సిలిండరు నోటికడనే చిన్న కవాట ముంచుదురు. నూనె మితికి మించిన వేగమున పరుగెత్తగానే అది దారి మూసివేయును. అది గొట్టమునకు ఆవలి కొననున్నచో ప్రయోజనము లేదు, సిలిండరుకడనే యుండవలెను. వాడిన బల్ల కొనునప్పుడు చూడవలసినవానిలో ఇది ముఖ్యము. మేము చూడలేదు.

బల్లయంచుల క్రిందుగా నాలుగువైపుల తగులుపట్టీ యొకటి యుండును. దిగుచున్నప్పుడు అది ఎవని పాదమునకైన తగిలిన తక్షణమే దిగుట ఆగిపోవును. మా బల్లకు ఒకప్పుడు అది యుండెనట. మాటిమాటికి ఆగుచున్నదని విసిగి మునుపటి కర్మాగారములో దానిని ఊడబెఱికిరని తరువాత తెలిసినది. అయినను మా పిల్లవానిని అది కాపాడియుండెడిదని చెప్పలేను. పట్టీ కాపలా అంచుకడనే గాని, లోపల కాళ్ల నడుమ గాదు. అందుకు మందమైన గుడ్డతోనో రబ్బరుతోనో హార్మోనియపు తిత్తివంటి మడతల తెఱ బల్లచుట్టు కట్టుదురు. ఆ తెఱయున్నచో చెక్క లోపలికి దొర్లియే యుండదు.

కాళ్ల నడుమ అని ఇందాక అంటిని. అడకత్తెరలో పోకచెక్క యను మాట మనము కష్టములో చిక్కినవానికి వాడుదుము. అడకత్తెరను పట్టిచూడుడు. కొనలకడ పెట్టిన పోక జాఱిపోవును, చీల దగ్గఱ పెట్టిన పోక పటుక్కున తునుగును. చీలకు దగ్గఱైనకొలది బలము హెచ్చు. కత్తెరబల్ల కాళ్లును అంతే. దానిపై బరువేమియు లేకున్నను ఖాళీబల్లయే కొన్ని వందల కిలోలు తూగును. ఎముకకు అది చాలదా?

కావున క్రింద పనియున్నవాడు ఏమి చేయవలెను? నూనె వేయవలెను, చిమ్మవలెను, పడినది తీయవలెను. పని తప్పదు. దానికొక క్రమమున్నది. మొదట బల్లపై బరువంతయు దింపివేసి, ఖాళీబల్లను పూర్తిగా పైకెత్తవలెను. యంత్రముతోపాటు వచ్చిన ఉక్కు ఊతకఱ్ఱలను వాని స్థానములలో నిలుపవలెను. తరువాత బల్లను మెల్లగా దింపి, దాని బరువు ఆ ఊతలపై ఆనునట్లు చేయవలెను. ఇది మఱవరాదు, ఏలయన ఆనని ఊత ఊత గాదు. పిమ్మట పెద్ద స్విచ్చి తీసి, దానికి తాళము వేసి, లోపలికి పోవువాడే తాళపుచెవిని మొలలో దోపుకొనవలెను. మఱియొకని చేతికీయరాదు, గోడమేకునకు తగిలింపరాదు. ఇటుకలను, దుంగలను, ఇసుకబస్తాలను ఊతగా పెట్టుట ఆత్మహత్యవంటిది. ట్రాక్టరు ట్రక్కును పైకెత్తి దానిక్రింద దూఱి మరమ్మతు చేయుట మన పల్లెలలో ప్రతిదినము చూచుచున్నాము. దానికిని ఇదే విధి చెల్లును. బల్ల మీ యూర లేకపోవచ్చును, ట్రక్కు ఉన్నది గదా.

నూనె కాఱుచున్నదేమో యని చేతితో తడవి చూచుట మఱియొక చెడ్డ యలవాటు. సూదిమొనయంత చిల్లినుండి చిమ్ము నూనె కంటికి కానరాదు, చర్మమును చీల్చుకొని లోపలికి పోవును. పైన చీమకుట్టినంత గుర్తు, నొప్పియు మొదట లేదు. లోపల కండ కుళ్లును. అట్లు జరిగినచో పసుపు పూసి కట్టుకట్టి కూర్చుండక ఆ గంటలోనే శస్త్రవైద్యునికడకు పోయి, నూనె చర్మములోనికి పోయినదని స్పష్టముగా చెప్పవలెను. గుర్తు చిన్నదని పంపివేయు వైద్యుడును ఉండవచ్చును, మఱల చెప్పవలెను. కాఱుడు వెదకుటకు అట్టముక్కను అడ్డము పెట్టి చూచుటయే తగినది.

నేలలో గొయ్యి త్రవ్వి బల్లను దానియందు దింపి నేలతో సమముగా నుంచుట గలదు. తోపుడుబండ్లు నేరుగా పైకెక్కుటకు ఇది వీలు. కాని బల్ల లేచినప్పుడు గొయ్యి నోరు తెఱచుకొని యుండును. దానిచుట్టు నేలపై పసుపుగీత వ్రాసి, అడ్డుకడ్డీలుంచి, మనుష్యులను ఆ గీతకు వెలుపల నిలుపవలెను. గోతిలో వాననీరు నిలిచిన చీలలు తుప్పుపట్టును, మోటారు చెడును. ఎలుకలును పాములును చేరును గనుక పనివాడు వానిని చూచి ఉలికిపడి దెబ్బతిన్న సందర్భములును ఊహింపదగినవే.

మనుష్యులు ఎక్కరాదా యని కొందఱు నన్నడిగిరి. బస్తాలబల్ల బస్తాలకే. దానికి చుట్టుకడ్డీలు లేవు. మీదనున్నవాని కాలు అంచు దాటినచో గోడకును బల్లకును నడుమ నలుగును. మా పిల్లలు ఉయ్యాలవలె దానిపై ఎక్కి తిరుగుట చూచి నేను ఒకనాడు బెత్తము పట్టుకొనవలసి వచ్చెను, పదవీవిరమణానంతరము! మనుష్యుల కొఱకు కట్టిన కత్తెరయెత్తులు వేఱుగా కలవు. వానికి చుట్టును కటకటాలును, క్రింద చక్రములును ఉండును. పట్టణములలో దీపములు బిగించుటకును, పెద్ద మేడలకు రంగువేయుటకును వానిని చూచియుందురు. వాని గండములు వేఱు. కరెంటు తీగలు, పల్లపునేల, గాలి. 2010 అక్టోబరులో అమెరికాలోని నోట్రడామ్ విశ్వవిద్యాలయమున బంతియాట సాధనను చిత్రము తీయుచున్న ఒక విద్యార్థి అట్టి యెత్తుపై నుండగా, గంటకు ఏబది మైళ్లకు మించిన గాలి వీచి అది కూలి, ఆతడు మరణించెను. వాడు చదువుకొనుచు పని చేయుచున్న కుఱ్ఱవాడు. ఆ గాలిలో ఎక్కవలదని చెప్పవలసిన పెద్దలు ఆ పెరటిలో నుండిరి.

చట్టము సంగతి కొంచెము. 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము తన 28వ సెక్షనులో, మనుష్యులను గాని సరకులను గాని ఎత్తు హాయిస్టులను, లిఫ్టులను ఆఱుమాసముల కొకసారియైన సమర్థుడైన పరీక్షకునిచే పరీక్షింపించి పుస్తకమున వ్రాయింపవలెనని విధించెను. క్రేనులు మొదలగువానికి 29వ సెక్షనులో పండ్రెండు మాసముల గడువు. 2020లో చేసిన వృత్తిభద్రతా నిబంధనావళి 2025 నవంబరులో అమలులోనికి వచ్చి ఆ పాతచట్టము స్థానమును పొందినది. కత్తెరబల్ల ఏ సెక్షను క్రిందికి వచ్చునని వకీళ్లు వాదించుకొందురు గాక. మన చిన్న గిడ్డంగులు చట్టపు లెక్కలోనికి రావచ్చును, రాకపోవచ్చును. ఆఱుమాసముల కొకసారి తెలిసినవానిచే చూపించుటకు ఏ చట్టమును అడ్డు చెప్పదు. క్రొత్తబల్ల కొనువారు ఐరోపాలోని ఇ.ఎన్. 1570 గాని, అమెరికాలోని ఎం.హెచ్. 29.1 గాని, ఈ బల్లలకై ఏర్పఱచిన ప్రమాణములలో దేనిననుసరించి చేసితివని అమ్మువానిని అడుగవలెను. అడిగినచో వాని ముఖమునుబట్టి కొంత తెలియును.

ఈ మాటలన్నియు పనివారికి చెప్పక మాకేల యని పెద్దలు అడుగవచ్చును. సంఘములలో తీర్మానములు చేయువారు మీరు. వాడిన యంత్రము చౌకగా వచ్చినదని సంతకము పెట్టువారు మీరు. తగులుపట్టీకి, మడతతెఱకు, ఊతకఱ్ఱలకు అయ్యెడి సొమ్ము అనవసరమని లెక్కలలో కొట్టివేయువారును మనమే. మా సంఘములోను అట్లే కొట్టివేసితిమి. ఆ తీర్మానముపై నా సంతకముకూడ ఉన్నది. మీ కొడుకులును మనుమలును పట్టణములలో గోదాములలో, మోటారుకార్ల కర్మాగారములలో పనికి పోవుచున్నారు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు జీతమెంత యని అడుగుటతోపాటు, "ఎత్తుడుబల్ల క్రింద ఊత పెట్టుచున్నారా, తాళపుచెవి ఎవరి మొలలో నుండును" అని అడుగుడు. వానికి మొదట నవ్వువచ్చును. రెండవసారి అడిగినచో ఆలోచించును.

మా బల్లకు ఇప్పుడు పట్టీయు, తెఱయు, సిలిండరుకడ కవాటమును వేయించితిమి. బల్ల కొన్నంత సొమ్ములో మూడవవంతు దానికే అయినది. ఊతకఱ్ఱలు రెండును ఎఱ్ఱరంగు పూసి గోడకు తగిలించినారము. ఆ పిల్లవానికే మీటపని అప్పగించిరి, వాడే కోరుకొనెను. దింపుటకు ముందు వాడు కొంచెము కుంటుచునే బల్లచుట్టు ఒకసారి నడచివచ్చి, వంగి క్రింద చూచి, "దిగుచున్నది" అని బిగ్గఱగా కేకవేసి, అప్పుడు వ్రేలు పెట్టును. నేను గిడ్డంగికి పోయినప్పుడు "మాస్టారూ, గీత అవతల నిలువుడు" అనును. నిలుతును.